ముందు నేను పీల్చి చూస్తాను

మా అత్తగారు మొన్న శుక్రవారం పొద్దున్న పోయారు. కాఫీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అలాగే ఉండిపోయారు. ఉబ్బసం మనిషి కదా, ఆఖరికి ఎంత యాతన పడతారోనని ఏళ్ల తరబడి భయపడ్డాను. అంత తేలిగ్గా వెళ్లిపోయినందుకు ఏడుస్తూనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆవిడ పుట్టిల్లు కొల్లేటి లంకలో. చేపలు పట్టే ఇల్లు. ఏలూరు వచ్చాక కూడా చిరిగిన వల కనిపిస్తే ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. వల సరే, గొడుగు, చేట, నా పాత చెప్పులు, దేన్నీ పారేయనిచ్చేవారు కాదు. "పోయినంత మేరే పోయింది కదమ్మాయ్, మిగతాదేం పాపం చేసింది?" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

మా ఆయన నీళ్లలో మునిగి పనిచేస్తారు. విశాఖపట్నం హార్బరులో నేర్చుకుని వచ్చారు. కాలువలో మునిగిన పడవల్ని లేపడం, లాకు తలుపుల కింద ఇరుక్కున్న దుంగల్ని తీయడం ఆయన పని. వీపున గాలి సిలిండరు, దాని మీద ఇత్తడి వాల్వు, అక్కణ్ణుంచి నోటికి రెండు రబ్బరు గొట్టాలు. ఒక గొట్టంలోంచి గాలి పీల్చాలి, రెండోదాన్లోకి వదలాలి. హార్బరులో ఎవరో ఏళ్లపాటు వాడి వదిలేసిన సామాను అది. ఒకరోజు దాంతో దిగిన మా ఆయన మొహం నల్లబడిపోయి పైకొచ్చి, గట్టు మీద కూలబడ్డారు.

కొత్తది కొంటేగానీ నీళ్లలో దిగడానికి వీల్లేదన్నాను నేను. కొత్తది బొంబాయి నుంచి రావాలి, ఎన్ని నెలలు పడుతుందో తెలియదు, ఈలోగా కాంట్రాక్టరు ఇంకొకరిని పెట్టుకుంటాడు, బాగు చేయిస్తే చాలదా అని ఆయన. "మీ ప్రాణం కంటే పని ఎక్కువా అండీ?" అని నేను అరిచాను. అత్తగారు ఎవరి పక్కన చేరతారో నాకు తెలుసనుకున్నాను.

ఆవిడ మాత్రం, "దాన్నిలా తేరా అబ్బాయ్. ముందు నేను పీల్చి చూస్తాను" అన్నారు.

"ఉబ్బసం మనిషివి, నీకెందుకమ్మా?"

"అందుకేరా. ఊపిరి సంగతి నాకంటే నీకు బాగా తెలుసా?"

వాకిట్లో పీట వేసుకుని, ముక్కు మూసుకుని, ఆ రబ్బరు ముక్కను బోసినోట్లో పెట్టుకున్నారు. పక్కింటివాళ్లు దడి మీంచి చూసి ఒకటే నవ్వు. ఆవిడ ఎవర్నీ పట్టించుకోలేదు. కాసేపు పీల్చి, వదిలి, తీసేశారు.

"పీల్చుకోవడం హాయిగానే ఉందిరా. వదలడమే బరువు. నా రొమ్ములోనూ ఇదే తంటా."

మా ఆయన విప్పి చూస్తే, వదిలే వైపున్న చిన్న రబ్బరు మూత ఎండిపోయి అంటుకుపోయి ఉంది. ఇత్తడి భాగం గట్టిగానే ఉందని దాన్ని శుభ్రం చేయించి, రబ్బరంతా కొత్తది వేయించారు. ఇకమీదట ఏటా తను పీల్చి చూశాకే నీళ్లలో దిగాలని, తనకు బరువనిపిస్తే మాత్రం కొత్తది తెప్పించాలని అత్తగారు కొడుకు చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు నాకు ఎంత ధైర్యాన్నిచ్చిందో చెప్పలేను.

కిందటేడు పీల్చి చూసి, "బరువుగా ఉందిరా" అన్నారు. ఆయన విప్పి తుడిచి ఇచ్చారు. బరువే అన్నారావిడ. రబ్బరు మార్చి ఇచ్చారు. అప్పుడూ అదే మాట. సరే, ఒట్టు ప్రకారం కొత్తది తెప్పిద్దామనుకున్నాం. ఎందుకో నేనూ ఒకసారి నోట్లో పెట్టుకుని చూశాను. ఊపిరి సుఖంగా ఆడింది. ఆయనకిచ్చాను. ఆయనా పీల్చి, వదిలి, తల దించుకున్నారు.

అత్తగారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ, పాడైంది నేనన్నమాట!" అని ఫక్కున నవ్వారు. "ఏమ్మాయ్, నన్ను బాగు చేయిస్తావా, కొత్త అత్తగారిని తెప్పించుకుంటావా?"

"మీలాంటి రకం బొంబాయిలో కూడా దొరకదండీ. బాగే చేయిస్తాం" అన్నాను.

ఆసుపత్రిలో సూదులు వేయించాం. ఆ చలికాలమంతా ఆవిడ వాకిట్లో ఎండలో కూర్చుని, వల అల్లుతూ, నా వంటకు వంకలు పెడుతూ హాయిగా గడిపారు. ఆ రోజులు మాకు దక్కాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది.

ఆవిడ పోయిన పొద్దున్న మా ఆయన కాలువలో ఉన్నారు. తాడేపల్లిగూడెం నుంచి బియ్యం బస్తాలతో వచ్చిన పడవ మా ఇంటికి కూతవేటు దూరంలోనే మునిగింది. పక్కింటివాళ్లను ఆవిడ దగ్గర కూర్చోబెట్టి నేనే పరుగెత్తాను. ఆయన నడుముకు కట్టిన తాడు పట్టుకుని మా మరిది గట్టు మీద ఉన్నాడు. అమ్మ పోయిందని చెప్పగానే బావురుమని తాడు లాగబోయాడు. అతని చెయ్యి పట్టుకున్నాను. నీళ్లలోంచి కంగారుగా పైకి రాకూడదని ఆయన ఎప్పుడూ చెప్పేవారు.

"ఆగవయ్యా. మెల్లగా రానీ."

ఇద్దరం గట్టు మీద కూర్చుండిపోయాం. నీళ్ల మీదికి గుప్పెడు బుడగలు వచ్చి పగిలాయి. కాస్త ఆగి మళ్లీ గుప్పెడు. ఎక్కడా తడబాటు లేదు. కింద ఆయన హాయిగా ఊపిరి వదులుతున్నారు.