అన్నయ్యకి చేసిన చాకు

తప్పులుంటే, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. అయిదో తరగతితో ఆపేసినదాన్ని. మా మావయ్యగారు కిందటి గురువారం పొద్దున్న పోయారు. ఆయన చేత మడత చాకులు చేయించుకున్నవారి అడ్రసులు ఆయన నోటుబుక్కులో ఉన్నాయి. అందరికీ ఇదే ఉత్తరం రాస్తున్నాను.

మలికిపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు మీకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది నేనే. తల వంచుకుని ఇచ్చి లోపలికి వెళ్ళిపోయేదాన్ని, నా మొహం గుర్తుండదు. ఎవరొచ్చినా మావయ్యగారు "అమ్మాయ్, ముందు మజ్జిగ" అనేవారు. ఒక్కో చాకుకి నెల పట్టేది. ప్లీడర్లూ డాక్టర్లూ కూడా ఆగేవారు. ఆయన గేదెకొమ్ము పిడిని ఆకురాయితో అరగదీసి, కొబ్బరిపీచుకి నూనె అద్ది రుద్దుతూ కూర్చునేవారు.

"మెషీను మీదైతే పూటకి ఇరవై వస్తాయి నాన్నా" అనేవారు మావారు.

"వస్తాయిరా. ఇరవైమందికీ ఒకటే చెయ్యి ఉంటుందేంటి?"

మా అన్నయ్య మస్కట్ వెళుతున్నాడని మావయ్యగారు ఒక చాకు చేసి నాకిచ్చారు. పిడి ఒక పక్క లావుగా, ఇంకో పక్క పల్చగా ఉంది. తెరవడానికి గోరు పెట్టే గాడి కూడా అవతలి పక్కకి ఉంది. పెద్దాయన చెయ్యి వణికిందనుకున్నాను. అక్కడివాళ్ళు నవ్వుతారని సిగ్గేసింది. అమలాపురంలో తళతళలాడే మెషీను చాకు కొని, మావయ్యగారు చేశారని చెప్పి అన్నయ్యకి ఇచ్చాను. ఆయన చేసింది నా పెట్టెలో చీరల అడుగున దాచాను.

రెండేళ్ళకి అన్నయ్య వచ్చి, చాకు తీసి ఆయన ముందు పెట్టాడు.

"మావయ్యగారూ, మెషీను కూడా ఇంత నున్నగా చెయ్యలేదండి. మా రూంలో అందరూ అడుగుతున్నారు."

నేను మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయాను. మావయ్యగారు చాకు తెరిచారు, మూశారు. నా వైపు ఒక్కసారి చూసి కళ్ళు దించుకున్నారు.

"ఆయ్. ఎడంచేతికి ఇబ్బందిగా ఏం లేదు కదండీ అబ్బాయిగారూ?"

"మొదట్లో ఉండేదండి. అలవాటైపోయింది."

నేనిచ్చిన గ్లాసు అన్నయ్య ఎడంచేత్తోనే అందుకున్నాడు. చిన్నప్పట్నుంచీ అదే వాటం. మీకందరికీ మజ్జిగ ఎందుకు ఇప్పించేవారో అప్పుడు అర్థమైంది. గ్లాసు ఎలా పట్టుకుంటారో చూసేవారు. తోడబుట్టినదాన్ని, నాకు తట్టలేదు.

ఆ తరవాత నాలుగేళ్ళు ఆయన ఒక్క మాట అడగలేదు. చెప్పేద్దామని ఎన్నోసార్లు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "ఏమ్మా, ఎవరన్నా వచ్చేరా?" అనేవారు. "లేదండి" అని వచ్చేసేదాన్ని. ఆఖరి రోజు కూడా అంతే చేశాను.

ఇవాళ పెట్టె తెరిచి ఆ చాకు ఎడంచేత్తో పట్టుకుని చూశాను. పిడి అరచేతిలో కుదురుగా కూర్చుంది.

వచ్చే నెల అన్నయ్య వస్తున్నాడు. మీతో చెబితే, అప్పుడు అన్నయ్యతో చెప్పడానికి నోరు వస్తుందేమోనని రాశాను. అది అన్నయ్యకి నా నోటితోనే తెలియాలి. చదివాక దీన్ని పొయ్యిలో వేసెయ్యండి. మీ చాకుకి మాత్రం నూనె రాసి ఉంచుకోండి. అది మీ చెయ్యి చూసి చేసింది.