గుమ్మం ముందు చెప్పులు

మా అన్నకు మాటలు రావు. ముప్పై ఏళ్లొచ్చినా, గుమ్మం ముందు ఎవరి చెప్పులు కనబడినా జత కలిపి వాకిలివైపు తిప్పి పెట్టేవాడు. సాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో అమ్మ పోయింది. అన్నను నరసరావుపేటలో అలాంటివాళ్లను ఉంచే ఆశ్రమంలో చేర్చాను. ఒకసారి చూసొద్దామని వెళ్తే అన్న చేతులకు తాడు కట్టి ఉంది.

"చానా కుదురుకున్నాడు బాబూ. ఇప్పుడు ఎవరి చెప్పులూ ముట్టుకోడు," అన్నాడు వార్డెను.

తాడు విప్పి జేబులో వేసుకున్నాను. అన్నను మాత్రం ఇంటికి తెచ్చుకోలేదు. ఆ నెలలోనే పోయాడు.

పెదకర్మ భోజనానికి వార్డెను వచ్చాడు. అతను పంక్తిలో కూర్చోగానే అతని చెప్పులు జత కలిపి, వాకిలివైపు తిప్పి, ఆ తాడుతోనే బిగించి ముడేశాను.

"ఏందయ్యా ఇది? ఎట్టా విప్పేది?" అన్నాడు వార్డెను, తిని బయటికొచ్చి.

"మా అన్న ఎట్టా విప్పుకునేవాడో, మీరూ అట్టానే విప్పుకోండి."

అందరూ చూస్తుండగా కాసేపు పెనుగులాడి, ఉత్తకాళ్లతో ఎండలోకి దిగాడు. ఆ చెప్పులు నేను విప్పలేదు.