మోటారుకు పోసిన ఆముదం

గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద, ఫిజీకి నేను మా అక్కా బావల వెంట వచ్చాను. ముగ్గురినీ రాకిరాకి వైపు ఒకే చెరకు తోటకు పంపారు. అది మా అదృష్టమని ఓడలో పరిచయమైనవాళ్లందరూ అన్నారు. అక్కా బావా చెరకు కొట్టే పనిలో ఉండిపోయారు. నన్ను మాత్రం తోట చూసుకునే చిన్నదొర తన బంగళా పనికి పిలిపించుకున్నాడు. ఊళ్లో ఎడ్లను చూసినవాణ్ని కాబట్టి గుర్రాల పని చెబుతాడనుకున్నాను. ఆయన పాక తలుపు తీసి మోటారు చూపించాడు.

అది సిడ్నీలో పందాలకు తోలిన బండి. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు. మా దగ్గర రోడ్డంటే చెరకు బళ్ల దారే. అయినా ఆదివారం వస్తే దొర ఆ దారిలోనే దాన్ని ఉరికించేవాడు. తుడవడం, నీళ్లు పోయడం, పెట్రోలు డబ్బాలు మోయడం నా పని. నూనె మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. దానికోసం సిడ్నీ నుంచి స్టీమరు మీద డబ్బాలు వచ్చేవి. ఒకరోజు మూత తీసి వాసన చూపించాడు. ఆముదం. మనం తలకు రాసుకునేదే, కాకపోతే నీళ్లలా తేటగా ఉంది.

మామూలు నూనె అంత వేగానికి కాగి పలచబడిపోతుందట, ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజన్ పట్టేస్తుందట. ఆముదం ఎంత కాగినా జిగి వదలదట. తన వచ్చీరాని హిందీలో, రెండు చేతులూ రుద్ది చూపిస్తూ చెప్పాడు. నాకు అర్థమైంది సగమే.

ఆ ఏడు పెద్ద గాలివాన వచ్చింది. పాక కప్పు కూలి నూనె డబ్బాలు నలిగిపోయాయి. స్టీమరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. దొర మోటారు మీద గుడ్డ కప్పించి, ఇక దీన్ని కదపవద్దన్నాడు.

అక్కకు నొప్పులు మొదలైంది ఆ వానల్లోనే. తొలి కాన్పు. మా కూలీలం ఉండే లైన్లలో మంత్రసాని పని తెలిసిన ముసలమ్మ ఒకతె ఉండేది. మర్నాడు పొద్దెక్కేదాకా చూసి ఆమె బయటకు వచ్చి చేతులు కడుక్కుంది.

"బిడ్డ అడ్డం తిరిగింది నాయనా. నా చేత కాదు. డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి."

ఆసుపత్రి చాలా దూరం. ఎద్దుబండి ఆ బురదలో చేరేసరికి రేపు సాయంత్రం అవుతుంది. బావ నా వైపు చూశాడు.

"మీ దొరని అడగరా. మోటారు ఉంది కదా."

పరుగెత్తాను. దొర మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. కాదనలేదు. "తేల్ నై" అన్నాడు, నూనె లేదని. ఇంజన్లో కొద్దిగా మిగిలి ఉందని, అంత దూరానికి అది చాలదని చెప్పాడు. చెరకు మిల్లులో నూనె ఉంది కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అది నెమ్మదిగా తిరిగే ఆవిరి ఇంజన్లకు పోసే నల్లటి చిక్కటి నూనె. ఈ ఇంజన్లో సందుల్లోకి ఎక్కదు, సగం దారిలోనే పట్టేస్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది. "ఆముదం ఉంది దొరా. మా అక్క వండింది."

లైన్ల వెనక మనవాళ్లు నాలుగు ఆముదం చెట్లు పెంచేవారు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను అక్క రెండు పెద్ద సీసాలు చేసి పెట్టుకుంది. పురిటికి కావాలని.

సీసాలు తెచ్చి ఇచ్చాను. దొర ఒక గరిటె కాల్చి రెండు చుక్కలు వేశాడు. చిటపటలాడింది. "పానీ" అన్నాడు. నీళ్లు ఇంకా పోలేదు. ఆ నూనె పోస్తే ఇంజన్ పాడవుతుంది. మళ్లీ కాచమన్నాడు, మాడనివ్వొద్దన్నాడు. మాడితే ఇంకో నూనె లేదు.

లైన్లలో అక్క గది పక్కనే పొయ్యి వెలిగించాను. గోడ పైదాకా ఉండదు, అటు మాట ఇటు వినబడుతుంది. సన్న సెగ మీద నూనె కలుపుతూ కూర్చున్నాను. అటువైపు అక్క మూలుగు. మంట పెంచితే నూనె పోతుంది, పెంచకపోతే పొద్దు పోతుంది. బావ గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతున్నాడు.

"అయిందా?"

"ఇంకా లేదు బావా."

"ఇంకెంతసేపురా?"

అంత నిదానంగా కాగే వస్తువును నేను మళ్లీ చూడలేదు.

చిటపట ఆగాక అక్క పాత చీర ముక్కలో వడగట్టి తీసుకుపోయాను. అప్పటికే దొర ఇంజన్లోని పాత నూనె దించేశాడు. గరిటెతో మరోసారి చూసి పోశాడు. నేను హేండిల్ తిప్పితే ఇంజన్ అందుకుంది.

అక్కను దొర పక్క సీట్లో కూర్చోబెట్టాం. నేను పక్క మెట్టు మీద గొంతుక్కూర్చుని ఆమెను పట్టుకున్నాను. బావకు చోటు లేదు. కొంతదూరం వెనకాలే పరుగెత్తాడు, తర్వాత కనబడలేదు.

బండి ముందు పలక మీద చిన్న గాజు బుడ్డి ఉంటుంది. అందులో నూనె చుక్క చుక్కగా పడుతూ కనబడాలి. దొర ఒక కన్ను దారి మీద, ఒక కన్ను దాని మీద పెట్టాడు. నేనూ ఆ చుక్కలే చూస్తున్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు. కాలిన ఆముదం పొగ మమ్మల్ని కమ్ముకుంది.

అక్క కళ్లు తెరిచి, "ఒరే, అమ్మ ఆముదం వండుతోందా?" అంది.

"లేదక్కా. మోటారు."

నది దగ్గరికి వచ్చేసరికి వంతెన లేదు. రెండు గుంజలు మాత్రం నీళ్లలోంచి కనబడుతున్నాయి. ఎర్రటి నీళ్లు చెట్లను దొర్లించుకుంటూ పోతున్నాయి. దొర దిగి ఒడ్డు దాకా నడిచి వచ్చాడు. ఇంజన్ బాగానే తిరుగుతోంది. ఆయన దాన్ని ఆపేసి, టోపీ తీసి ఒక రాయి మీద కూర్చున్నాడు. అంతకుముందు ఏ దొరా మా ఎదుట అలా కూర్చోవడం నేను చూడలేదు.

అవతలి ఒడ్డున కైవీటీల ఊరు ఉంది. ఆ దీవుల మనుషుల్ని మేం అలాగే పిలిచేవాళ్లం. కేకలు వేస్తే కొందరు వచ్చి నిలబడ్డారు. నీటిని చూపించి చేతులు ఊపారు, తగ్గనివ్వండి అన్నట్టు.

"నన్ను వెనక్కి తీసుకుపోరా" అంది అక్క.

"లైన్లకా?"

"లైన్లకు కాదు."

నేను ఆమె తల నా ఒళ్లో పెట్టుకున్నాను. అంతకుమించి చేయడానికి అక్కడ ఏమీ లేదు.

మర్నాడు పొద్దున ఉరవడి తగ్గాక కైవీటీలు వెదుళ్ల తెప్ప వేసుకుని వచ్చి అక్కను దాటించారు. అవతల మంచం కట్టి, మనుషులు మార్చుకుంటూ మోశారు. దొర ఆసుపత్రి దాకా మా వెంటే నడిచి, డాక్టరుతో మాట్లాడి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. రాత్రంతా తడిసి మళ్లీ అందుకోని మోటారు చాలాకాలం ఆ ఒడ్డునే వానలో ఉండిపోయింది. లోపలి ఆముదం బంకలా బిగుసుకుపోయిందట. చివరికి ఎడ్లతో లాగించారు. ఆ సంగతి ఆయన నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

అక్క బతికింది. బిడ్డ అప్పటికే చనిపోయాడు. మగబిడ్డ అని నర్సు చెప్పింది. ఇక కాన్పులు ఉండవని కూడా చెప్పింది.

ఆ మర్నాడు బావ నడిచి నడిచి బురద కాళ్లతో వచ్చాడు. బిడ్డను చూపించమన్నాడు. నిన్ననే పూడ్చేశారని తెలిసి, చోటు చూపించమన్నాడు. అక్కడి పనివాడు మమ్మల్ని ఆసుపత్రి వెనక దిబ్బ దాకా తీసుకుపోయాడు. వానకు మన్నంతా ఒకటైపోయింది. ఇక్కడ అన్నాడు, తర్వాత కాదు అక్కడ అన్నాడు, చివరికి చేయి గుండ్రంగా తిప్పాడు. బావ వంగి రెండుచోట్ల మన్ను తాకి చూశాడు. అడగడానికి ఇంకెవరూ లేరు.

లోపలికి వెళ్తే అక్క మేలుకుని ఉంది.

"చూశారా?" అంది.



"చూశామక్కా" అన్నాను.

"నీడ ఉందా అక్కడ?"

"ఉంది."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. బావ మంచం పక్కన నేల మీద కూర్చుని కాళ్లకు ఎండిన మట్టి గోళ్లతో గీక్కుంటున్నాడు.