బయట అని రాసిన ఆరు రోజులు

కిందటి సంవత్సరం మే నెల మొదటి వారంలో, మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో మా ఇంటి వెనక గదిలో కూర్చుని నా నోటు పుస్తకంలో ఒక తప్పు పట్టుకున్నాను. తోట ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు కిరాణీగా, అంటే గుమాస్తాగా, లెక్కల పుస్తకాలు రాసినదాన్ని. ఎదుటివాళ్ళ తప్పు దొరికితే కలిగే తృప్తి నాకు బాగా తెలుసు. ఆ రోజు అది కలగలేదు. తప్పు నాదే.

నా చెల్లెలు నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. వయసులో ఉన్నప్పుడే నర్సు పనికి జర్మనీ వెళ్ళి, ఆఖెన్ అనే ఊళ్ళో ఉండిపోయింది. భర్త పోయి మూడేళ్ళయింది. రెండు మోకాళ్ళూ మార్చాలన్నారు. ఎడమది ఫిబ్రవరిలో, కుడిది జూన్‌లో. దాని ఇల్లు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. నలభై రెండు మెట్లు. వెళ్ళిన మొదటి రోజే లెక్కపెట్టాను.

ఫిబ్రవరి పదిన దిగి ఏప్రిల్ అయిదున బయల్దేరాను. మా మలేషియా పాస్‌పోర్టుకి అక్కడ వీసా అక్కర్లేదు. ఏ నూట ఎనభై రోజుల్లోనైనా తొంభై రోజులు దాటకుండా ఉండవచ్చు. దిగిన రోజూ లెక్కే, బయల్దేరిన రోజూ లెక్కే. ఇది చాలామందికి తికమక పెడుతుందట. మాకేం తికమక? ఇంట్లో ఎవరైనా పోతే, పోయిన రోజునే ఒకటిగా పెట్టి పదకొండో రోజు లెక్కకట్టేవాళ్ళం. అలా చూస్తే మొదటి ప్రయాణం యాభై అయిదు రోజులు.

ఆ యాభై అయిదులో ఆరు రోజులు బెల్జియంలో ఉన్నాను. ఆపరేషన్ తరవాత చెల్లెల్ని నడక నేర్పే ఆసుపత్రిలో పెట్టారు. నేను ఇంట్లో ఒంటరిగా ఎందుకని దాని కూతురు నన్ను లియేజ్‌లోని తన ఇంటికి తీసుకెళ్ళింది. రైల్లో గంట కూడా పట్టలేదు. దారంతా పాస్‌పోర్టు చేతిలోనే పట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. ఒక దేశం అయిపోయి ఇంకో దేశం మొదలైందని, స్టేషన్ బోర్డు మీద భాష మారాకే తెలిసింది.

ఆ ఆరు రోజులకూ ఎదురుగా నా నోటు పుస్తకంలో 'బయట' అని రాసుకున్నాను. ఎందుకు రాశానంటే, మా దేశంలో చూసినది అదే. మా రాజధానిలో బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో మా బంధువుల మేడ మీద ఆంధ్ర నుంచి వచ్చిన దంపతులు అద్దెకుండేవారు. గడువు దగ్గర పడితే బస్సెక్కి థాయ్‌లాండ్‌లోని హాట్‌యాయ్ వెళ్ళి, రెండు రోజులుండి, కొత్త ముద్రతో తిరిగి వచ్చేవారు. సరిహద్దు దాటితే రోజులు తెగుతాయని నా మనసులో అలా పడిపోయింది. అందుకని యాభై అయిదులోంచి ఆరు తీసేసి నలభై తొమ్మిది అనుకున్నాను. ఇంకా నలభై ఒకటి మిగిలాయి. జూన్ ఒకటిన దిగి జులై పదకొండున తిరిగి వచ్చేలా టిక్కెట్టు తీసుకున్నాను. ఆపరేషన్ జూన్ మూడు. చెల్లెలు ఇల్లు చేరేది జులై ఎనిమిది. రెండిటికీ నేనుంటాను.

ఇల్లు చేరే రోజు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మొదటిసారి, మార్చి పద్దెనిమిదిన, చెల్లెలు ఆ నలభై రెండు మెట్లూ ఎక్కడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. పదిహేడో మెట్టు మీద కాలు వణికింది. కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. నేను వెనక నుంచి రెండు చేతులూ దాని నడుముకి ఆనించి ఉన్నాను. వేల మందిని మంచాల మీంచి లేపి నడిపించిన మనిషి, ఆ రోజు ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరక్కుండా ఒకే మాట అడిగింది.

"ఎనకాల ఉన్నావా అప్పా?"

మా ఇళ్ళలో అక్కని అప్ప అంటాం.

మే నెలలో ఏం జరిగిందంటే, ప్రయాణానికి ముందు ఎప్పటిలాగే నోటు పుస్తకంలోని ప్రతి తేదీకీ పాస్‌పోర్టులో ముద్ర వెతికాను. తోట ఆఫీసు అలవాటు. కాగితం లేని రాతని మా తోట దొర ఒప్పుకునేవాడు కాదు. ఫిబ్రవరి పదికి ముద్ర ఉంది. ఏప్రిల్ అయిదుకి ఉంది. మధ్యలో ఆరు రోజులకి ఏమీ లేదు. నేను బయటికి వెళ్ళినట్టు ఎవరూ రాయలేదు. అంటే నేను బయటికి వెళ్ళలేదు. కంప్యూటర్‌లో జర్మనీ ప్రభుత్వ పేజీ తెరిచి నిదానంగా చదివాను. జర్మనీ, బెల్జియం, వాటి చుట్టుపక్కల దేశాలు చాలావరకు కలిపి ఒకటే లెక్క. ఒక దేశం నుంచి పక్క దేశానికి వెళ్ళడం, హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళడం లాంటిది.

మిగిలినవి ముప్పై అయిదే. జూన్ ఒకటిన దిగితే జులై అయిదున బయల్దేరాలి. ఎనిమిదో తారీకున చెల్లెలు మెట్లెక్కుతుంటే నేనిక్కడ తెలుక్ ఇంటాన్‌లో ఉంటాను. ఆలస్యంగా వెళ్తే ఆపరేషన్ రోజు దాని పక్కన ఉండను.

సాయంత్రం నాలుగింటికి, అక్కడ పొద్దున్న పదింటికి, ఫోన్ చేసి అంతా చెప్పాను. ముందు నవ్వింది. తోటలో అందరి నాగాలూ రాసిన దానివి, నీ ఆరు రోజులు నువ్వే ఎగ్గొట్టినావా అంది. తరవాత, ఆరు రోజులు ఎక్కువుంటే ఏటవుద్ది, ముసిలిదాన్ని జైల్లో పెడతారా అంది. ఎవరు లెక్కపెడతారు అని కూడా అంది. నేనే పెడతానని చెప్పాను. నా పాస్‌పోర్టులో తప్పు రాత పడితే మళ్ళీ రానిస్తారో లేదో అని భయం కూడా ఉంది. అది మాత్రం పైకి అనలేదు.

ఆపరేషన్‌కి ఉండనా, ఇంటికొచ్చే రోజు ఉండనా, నువ్వే చెప్పు అన్నాను. తనకోసం అది ఎప్పుడూ ఏదీ అడగదు. అందుకే నేను తేల్చకూడదనిపించింది.  ఫోన్‌లో దాని వంటగదిలో కెటిల్ మరగడం వినిపించింది.

"ఆపరేసను రోజు నాకు మత్తిస్తారు. నువ్వొచ్చినా నాకు తెలీదు. నాకు తెలివున్న రోజు రా అప్పా."

టిక్కెట్టు మార్చాను. జూన్ పదిన దిగాను, జులై పద్నాలుగున తిరుగు ప్రయాణం. జూన్‌లో ఇరవై ఒకటి, జులైలో పద్నాలుగు. మొత్తం ముప్పై అయిదు. జూన్ మూడున మాత్రం నాకు అన్నం సహించలేదు. ఆసుపత్రి నుంచి దాని కూతురు ఫోన్ చేసేదాకా గడియారం కిందే కూర్చున్నాను.

జులై ఎనిమిదిన మధ్యాహ్నం మెట్ల కింద నిలబడ్డాం. ఈసారి పంతొమ్మిది నిమిషాలు. పదిహేడో మెట్టు మీద కాలు వణకలేదు కానీ అలవాటుగా ఆగింది. నేను వెనక ఉన్నానో లేదో అడగలేదు. చెయ్యి వెనక్కి చాపి నా మణికట్టు తడిమి చూసుకుని మళ్ళీ ఎక్కింది.

పైకెక్కి కుర్చీలో కూర్చున్నాక నీళ్ళు తాగి, "మూడో మోకాలు లేదు కదా. ఇక ఊరికే రా" అంది.

నోటు పుస్తకం తీసి చూశాను. ఏప్రిల్ అయిదుకి నూట ఎనభై కలిపాను. అప్పటికి మొదటి ప్రయాణం రోజులన్నీ లెక్కలోంచి జారిపోతాయి.

"అక్టోబర్ రెండు నుంచి యాభై అయిదు రోజులు ఉండొచ్చు" అన్నాను.

"లియేజ్‌తో కలిపేనా?" అంది.

కలిపే అన్నాను.