అరిగిన రూపాయలు

మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ పోయే ముందు తన దగ్గరున్న వెండి రూపాయలన్నీ మా ఇద్దరు అక్కచెల్లెళ్లకు పంచింది. సగం అక్కకు, సగం నాకు. లెక్కకు సమానమే. కానీ ఆ రోజు నుంచి నా కడుపు మండుతూనే ఉంది. మండదా మరి? అక్కకు వచ్చినవి చూడాలి! రాజుగారి కిరీటం, గడ్డం, చుట్టూ అక్షరాలు, అంచు మీద గీతలు, అన్నీ నిన్న అచ్చు కొట్టినట్టే ఉంటాయి. నా రాజుకేమో ముక్కూ లేదు, మూతీ లేదు. పైగా ప్రతి రూపాయి నెత్తిన ఒక నల్ల మచ్చ.

"మంచియన్నీ నీకే ఇచ్చింది" అంటే అక్క నవ్వింది. "ఎప్పుడు చూసినా నా పళ్లెంలకే చూస్తవేందే" అంది.

చూడకేం చేస్తాను? బెల్లంపల్లి బొగ్గుగని క్వార్టర్‌లో ఉన్నప్పుడూ ఇదే కథ. కొత్త లంగా దానికి, అది విడిచింది నాకు. పెళ్లై, పిల్లలు పుట్టి, మోకాళ్ల నొప్పులొచ్చినా ఈ కుళ్లు నన్ను వదల్లేదు. అవ్వకు నేనంటే తక్కువేనా? అదొక్కటి తేలితే చాలనుకునేదాన్ని.

మొన్న కరీంనగర్ నుంచి అక్క ఫోన్ చేసింది. "అవ్వ ఏస్కున్నట్టే రూపాయల దండ చేపిచ్చుకుంట. నీయి గూడ తీస్కరా, ఇద్దరం చేపిచ్చుకుందాం." బాపు పోయినప్పుడు అవ్వ తన మెడలోని దండ తీసేసి, కొక్కేలు పీకించి, కుండలో దాచిన రూపాయలతో కలిపి ఒకే మూట కట్టింది. ఆ మూటే మాకు పంచింది. అక్క మెడలో ఆ నిగనిగలాడే రూపాయలను ఊహించుకుంటూ, ఒళ్లు మండుతున్నా బస్సెక్కాను.

వెండి దుకాణాయన ముందు అక్కవి తూచాడు. "పాత రూపాయంటే పాత తులమే అమ్మా. పన్నెండు పాళ్లల్ల పదకొండు పాళ్లు వెండి. జర గూడ తగ్గలే" అన్నాడు. తర్వాత నావి పెట్టాడు. ఒక్కటీ తులం తూగలేదు.

"మరి నావాట్ల వెండి తక్కువనా?" నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

"వెండి అదే అమ్మా, బరువే తగ్గింది. ఇగో, గీ మచ్చ కొక్కెం అతికిచ్చిన జాగ. ఎవరో ఏండ్లకేండ్లు మెడల ఏస్కున్నరు. చెమటకు, చీరకు రాసుకొని అరిగినయి. గా అక్కయి దాచిపెట్టినయి, ఒక్కనాడు గూడ ఏస్కోలే."

నా రూపాయలను చేతిలోకి తీసుకున్నాను. అవ్వ వంగి బొగ్గుల పొయ్యి ఊదుతుంటే మెడలో గలగలమన్నవి, నేను ఒళ్లో తల పెట్టుకుంటే చెంపకు చల్లగా తగిలినవి ఇవే. అవ్వ మెడే వీటిని అరగదీసింది.

పక్కకు చూస్తే అక్క మొహం మాడిపోయి ఉంది. "కుండలయి నాకిచ్చి, మెడలయి నీకిచ్చిందా? చిన్నదని గంత ముద్దా?"

అబ్బ, ఎంత హాయిగా ఉందో! చెప్పకూడదు గానీ లోపల గంతులేశాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అక్క నన్ను చూసి కుళ్లుకుంది.

"ఒక్కటియ్యవే. నాయి రెండిస్త."

"ఇయ్య."

దుకాణంలోనే అక్క కళ్ల నీళ్లు పెట్టుకుంది. దుకాణాయన తల దించుకుని త్రాసు తుడవసాగాడు. చివరికి ఒక్కటంటే ఒక్కటి తీసిచ్చాను. ఊరికే ఇవ్వలేదు, దానివి రెండూ తీసుకున్నాను.

మా ఇద్దరి దండలూ తయారయ్యాయి. ఇన్నేళ్లు నేను చూసి ఏడ్చిన నిండు తులం రూపాయలు రెండు ఇప్పుడు నా మెడలో ఉన్నాయి. అక్క ఎదురుపడితే మాత్రం నా చూపు వాటి మీద నిలవదు. దాని దండ నట్టనడుమ, ముక్కూ మూతీ లేని ఆ ఒక్క రూపాయి మీదికే పోతుంది. కడుపు మళ్లీ మండుతుంది.