దక్షిణపు గదిలో మూడు రాత్రులు

నోలీన్ కార్‌మైకేల్‌కి ఇన్వర్‌కార్గిల్ ఊళ్లో, రైలు పట్టాలకు అవతల, పక్కపక్కనే రెండు చెక్క ఇళ్లు ఉండేవి. రెండూ ఒకే వడ్రంగి ఒకే ఏడాది కట్టినవి. ఒకటి తండ్రి నుంచి వచ్చింది, అందులో తాను ఉండేది. రెండోది మాంసం ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి సొంత కష్టంతో కొన్నది, దాన్ని అద్దెకిచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేకపోయింది.

ఫ్యాక్టరీలో ఆమె పని శీతల గదిలో. రోజంతా ఐసుగడ్డ లాంటి గాలిలో నిలబడి గొర్రె మాంసం పెట్టెల్లో సర్దేది. పని దిగాక కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా సైకిలెక్కి ఇంటికి పోయేది. చలేస్తోందని ఎవరైనా అంటే వాళ్లను ఎగాదిగా చూసి, "ఇంకో స్వెట్టర్ తొడుక్కో" అనేది. ఆమె తండ్రి కూడా అదే మాట అనేవాడట.

అద్దె ఇంట్లో ఆరేళ్లుగా సమోవా దీవుల నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంటోంది. భార్య సెఫీనా వృద్ధాశ్రమంలో వంట చేసేది. భర్త ఇయోఆనేకి అదే మాంసం ఫ్యాక్టరీలో పని. ఇద్దరు ఆడపిల్లలు. అద్దె ఏనాడూ ఆలస్యం కాలేదు, గొడవలూ లేవు. నోలీన్ దృష్టిలో అంతకన్నా మంచి సంబంధం ఉండదు.

చలికాలం మొదలయ్యే మే నెలలో ఒక శనివారం సెఫీనా ఒక కాగితం పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. అద్దెకిచ్చిన పాత ఇళ్లకు పైకప్పులోనూ నేల కిందా చలి ఆపే ఇన్సులేషన్ పొర వేయిస్తే ఖర్చులో చాలాభాగం ప్రభుత్వమే పెట్టుకుంటుందని అందులో ఉంది. దరఖాస్తు మాత్రం యజమాని పెట్టాలి.

"మా ఆశ్రమంలో పంచారండీ. మీకు పనికొస్తుందేమోనని తెచ్చాను," అంది సెఫీనా.

నోలీన్ కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది. "ఈ ఇంట్లో నీకేం లోటు?"

"లోటని కాదు నోలీన్ గారూ. కొంచెం చలిగా ఉంటోంది."

"ఇది ఇన్వర్‌కార్గిల్ తల్లీ. చలిగానే ఉంటుంది. మా ఇల్లూ అదే ఇల్లు, అదే కలప. నేను డెబ్బై ఒక్క ఏళ్లుగా అందులో ఉంటున్నాను, చచ్చిపోయానా?"

"మీరు గట్టివాళ్లు," అంది సెఫీనా నవ్వుతూ.

"ప్రభుత్వం దగ్గర చెయ్యి చాచే అలవాటు మా ఇంటా వంటా లేదు. ఉంచు, చూస్తాలే."

చూడలేదు. ఆ కాగితం ఫ్రిజ్ మీద రొట్టెల డబ్బా కింద పడి ఉంది.

జూలైలో సెఫీనా పెద్దమ్మ ఆక్లాండ్‌లో పోయింది. అంత్యక్రియలకు కుటుంబమంతా పది రోజులకని బయల్దేరింది. వాళ్లు వెళ్లిన మూడోరోజు తెల్లారేసరికి ఊరంతా మంచు గడ్డకట్టింది. నోలీన్ ఇంటి అటక మీద నీళ్ల పైపు పగిలింది. వంటింటి కప్పు ఉబ్బి, నాని, పెచ్చులుగా ఊడి పొయ్యి మీద పడింది. కరెంటు మనిషి వచ్చి మెయిన్ తీసేశాడు. బాగవడానికి కనీసం వారం పడుతుందన్నాడు.

గోర్ ఊళ్లో మేనకోడలు ఉంది, వచ్చి ఉండమంది. పరాయి ఇంట్లో టీవీ చూస్తూ కూర్చోవడం నోలీన్‌కి గిట్టదు. ఆమె సెఫీనాకే ఫోన్ చేసి సంగతి చెప్పి, "మీ ఇంట్లో నాలుగు రోజులు ఉండొచ్చా?" అని అడిగింది.

"అదేంటండీ, మీ ఇల్లేగా."

"అద్దె కడుతున్నది నువ్వు. అడగాలి కదా."

"ఉండండి. ఫ్రిజ్‌లో మా సేమియా కూర సాపాసుయి ఉంది, తినేయండి, పాడైపోతుంది. కానీ నోలీన్ గారూ, మీరు ముందు గదిలోనే పడుకోండి. వెనక దక్షిణపు గది వద్దు, అటు ఎండే రాదు."

వద్దంది కాబట్టి నోలీన్ అందులోనే పడుకోవాలనుకుంది.

తాళం తీసి లోపలికి వెళ్లి చూస్తే ఇల్లు వేరేగా ఉంది. ముందు గదిలో నాలుగు పరుపులూ ఒకదాని పక్కన ఒకటి పరిచి ఉన్నాయి. కిటికీలకు కంబళ్లు మేకులతో కొట్టి ఉన్నాయి. దక్షిణపు గదిలో ఒక ఇనుప మంచం తప్ప ఏమీ లేదు. బీరువాను గోడకు మూరెడు దూరంగా జరిపి పెట్టారు. గోడ మీద నల్లటి బూజు, దాన్ని ఎవరో పదేపదే తుడిచిన ఆనవాలు. కిటికీ గట్టు మీద మడత పెట్టిన తువ్వాలు నీళ్లతో బరువెక్కి ఉంది. ఆమె దాన్ని పిండి మళ్లీ అక్కడే పెట్టింది.

ఆ ఇంట్లోకి ఆమె ఆరేళ్లలో ఎన్నోసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా వంటింట్లో కూర్చుని టీ తాగి, కుళాయిలు చూసి వెళ్లిపోయేది.

ముందు గదిలోంచి ఒక పరుపు ఈడ్చుకొచ్చి ఇనుప మంచం మీద వేసుకుంది. మూడు రాత్రులు స్వెట్టర్ మీద స్వెట్టరేసుకుని, వేడినీళ్ల రబ్బరు సంచి పొట్టకి అదుముకుని అక్కడే పడుకుంది. నాలుగో రోజు పొద్దున్నే లేవబోతే మోకాళ్లు వంగలేదు. మంచం అంచు మీద కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించింది. నేలకు పరిచిన చెక్క బల్లల సందుల్లోంచి సన్నటి గాలి వేళ్లకు తగిలింది. తన ఇంట్లో బల్లల మీద తండ్రి వేయించిన మందపాటి కార్పెట్ ఉంది. పొద్దున్నుంచీ రాత్రిదాకా బొగ్గు పొయ్యి మండుతూనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని మండించడానికి పగలంతా ఆమె ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడ ఇద్దరూ పనికి పోతారు, పిల్లలు బడికి పోతారు. సాయంత్రం వచ్చేసరికి ఇల్లు చల్లటి రాయిలా ఉంటుంది. అదే ఇల్లు, అదే కలప అని తాను అన్న మాట ఆమెకు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ రోజు పరుపు ముందు గదిలోకి ఈడ్చుకుంది. తన ఇంటికెళ్లి రొట్టెల డబ్బా కింది కాగితం తెచ్చి, అందులోని నంబర్‌కి ఫోన్ చేసింది.

ఇన్సులేషన్ వేసే కంపెనీ నుంచి తామతి అనే స్థానిక మావోరీ తెగ మనిషి ఇల్లు చూడ్డానికి వచ్చాడు. అటక ఎక్కి దిగాడు, నేల కింద పాక్కుంటూ వెళ్లి బట్టలు దులుపుకుంటూ వచ్చాడు.

"పైన పిచ్చుక గూళ్లు తప్ప ఏమీ లేవండీ. కింద అవీ లేవు."

"ఇల్లు కట్టినప్పుడు ఇలాంటివి ఎవరు వేసేవాళ్లు?"

"ఎవరూ వేసేవాళ్లు కాదు. ఈ వీధిలో అన్నీ ఇంతే. దక్షిణపు గది కింద మాత్రం నాకు దూరే చోటు లేదు. పైనుంచి బల్లలు ఊడదీసి వెయ్యాలి. దానికి గ్రాంటు రాదు. వదిలేసి మిగతా ఇంటికి వేయొచ్చు, రూల్స్ ఒప్పుకుంటాయి."

నోలీన్ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంది. "ఊడదియ్యి. దాని ఖర్చు నేను చూసుకుంటాను."

"అద్దెకున్నవాళ్ల సంతకం కూడా కావాలి."

"వాళ్లు రానీ."

సెఫీనా వాళ్లు ఆదివారం తిరిగొచ్చారు. వంటింట్లో కాగితాలు చూసి సెఫీనా సంతకం పెట్టింది. తర్వాత అడిగింది, "ఆ గదిలోనే పడుకున్నారు కదూ?"

"పడుకున్నాను."

"ఎన్ని రాత్రులు?"

"మూడు."

"అమ్మో, మా ఇయోఆనే రెండో రాత్రికే పరుపు చంకన పెట్టుకుని ముందు గదిలోకి వచ్చేశాడు," అంది సెఫీనా.

ఇయోఆనే గుమ్మంలో నిలబడి, "నాది పెద్ద ఒళ్లండీ. నాకు చలి ఎక్కువ చోట్ల వేస్తుంది," అన్నాడు. నోలీన్ నవ్వింది. తర్వాత టీ కప్పులోకి చూస్తూ, "ముందే చెప్పాల్సింది నువ్వు," అంది.

"చెప్పాను కదండీ," అంది సెఫీనా మెల్లగా.

"చెప్పావు. అవును, చెప్పావు."



సెప్టెంబర్‌లో పని జరిగింది, రెండు రోజులు పట్టింది. బల్లలు ఊడదీసిన రోజు నోలీన్ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ మేకు ఎక్కడ కొట్టాలో చెప్పి పనివాళ్లను విసిగించింది. మరుసటి చలికాలం ఆడపిల్లలిద్దరూ దక్షిణపు గదిలోకి మారి, గోడకు సముద్రం రంగు వేసుకుంటామని అడిగారు. నోలీన్ వద్దంది. వారం పోయాక తనే రంగు డబ్బా కొనుక్కొచ్చింది.

పగిలిన పైపు బాగుచేయించినప్పుడు సొంత ఇంటి అటక మీద కూడా ఇన్సులేషన్ వేయించుకోమని నోలీన్‌కి తామతి చెప్పాడు. నోలీన్ వినలేదు. తర్వాత ఆమెకు తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక మేనకోడలు వచ్చి దగ్గరుండి వేయించింది. ఇల్లు మరీ వెచ్చగా ఉందని, నిద్ర పట్టడం లేదని నోలీన్ ఆ ఏడాదంతా ఫిర్యాదు చేస్తూనే ఉంది.