అత్తయ్య ఆఖరి కుప్ప

పొద్దున్నే స్టవ్వు మీద టీ పెట్టానో లేదో, వెనక నుంచి నా మణికట్టుకు ఇనప చువ్వ తగిలేది. "కాలిందా లేదా? చెప్పవే" అనేది అత్తయ్య. ఇరవై రెండేళ్లు అలాగే తెల్లవారింది నాకు. నాలుగు నెలలుగా చువ్వ నేనే తెచ్చుకుని, నా మణికట్టుకు నేనే ఆనించుకుంటూ వచ్చాను.

ఆ చువ్వను ఆవిడ పెరట్లో ఎరువు కుప్ప నడుమ గుచ్చి, మొహం కడుక్కుని వచ్చి లాగేది. చురుక్కుమంటే లోపల బాగా ఉడుకుతున్నట్టు. వేడి తగ్గితే పారతో తిరగేసి, నీళ్లు చల్లాలి. పార పట్టీ పట్టీ ఆవిడ చేతులు కాయలు కాచిపోయాయి. వేడీ చల్లనా తెలిసేది కాదు. అందుకే నా మణికట్టు. నా పని అంతవరకే. పెరట్లోకి అడుగు పెడితే, "నువ్వు వంట చూసుకో, చెత్త నేను చూసుకుంటా" అని తరిమేది.

వయసులో ఉండగా ఆవిడ కూరగాయల మార్కెట్లో ఊడ్చేది. కుళ్లినవన్నీ లారీల్లో ఎటో పోతుంటే కడుపు తరుక్కుపోయేదట. ఆ పని మానేశాక తోపుడు బండి ఒకటి కొనుక్కుని ఇల్లిల్లూ తిరిగి తొక్కలు, ఎండుటాకులు, వడకట్టిన టీ పొడి పోగేసేది. వీధిలో అంతా 'తొక్కలత్త' అని పిలిచేవారు.

"ఏమ్మా, మొగుడితో పోట్లాడావా?" అని మూడో ఇంటి కోడలిని ఒకసారి గుమ్మంలోనే అడిగేసింది.

"మీకెవరు చెప్పారు పిన్నీ?"

"నీ బంగాళాదుంప తొక్కలు చెప్పాయి. ఇంత మందాన చెక్కావంటే కత్తి మీద కోపం కాదుగా!"

నాలుగు నెలల కిందట కొత్త కుప్ప వేసిన మూడో రోజున, అత్తయ్య ఆ బండి పక్కనే కూలబడింది. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంది. "కుప్ప చల్లారనివ్వకే" అంది నాతో. తర్వాత మాట పడిపోయింది. పోయేదాకా ఆవిడ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. ఆ అరచేతికి నా చెయ్యి తెలిసిందో లేదో.

చల్లారనివ్వలేదు. వారానికోసారి తిరగేశాను. చేతులు బొబ్బలెక్కాయి. వేడి కాస్త తగ్గినా భయం వేసి, బండి తోసుకెళ్లి బకెట్ల కొద్దీ పచ్చి తొక్కలు తెచ్చి కుప్ప లోపల కూరేదాన్ని. మళ్లీ చురుక్కుమనేది. ఆ పూటకు అన్నం సయించేది.

"అమ్మ పోయింది నాకా, నీకా?" అన్నారు మావారు ఒకరోజు. వేళాకోళానికే అన్నారు గానీ, నా మొహం చూడకుండా బయటకు వెళ్లిపోయారు.

పదిహేను రోజుల కిందట మొక్కలమ్మే ఆయన గోనె సంచులతో వచ్చాడు. అత్తయ్య ఎరువంతా ఏటా ఆయనే తీసుకెళ్లేవాడు. పిడికెడు తీసి వాసన చూసి, వెనక్కి పడేశాడు.

"ఇదేంటమ్మా, పుల్లగా కొడుతోంది? సగం పచ్చిగానే ఉంది."

"అత్తయ్య చల్లారనివ్వొద్దంది అన్నయ్యా. రోజూ వేస్తూనే ఉన్నాను."

ఆయన సంచులు మడత పెట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "ఉడికేదాకా అనమ్మా ఆవిడ మాట. పొయ్యి మీద గిన్నెలో రోజూ పచ్చివి వేస్తూ పోతే ఎప్పటికి ఉడుకుతుంది? అది చల్లారాలి. చల్లారితేనే ఎరువు. ఇప్పుడిది వేస్తే మొక్కల వేళ్లు మాడిపోతాయి. ఇంకేమీ వెయ్యకండి. దాని మానాన దాన్ని వదిలెయ్యండి."

ఇరవై రెండేళ్లు మణికట్టు ఇచ్చాను. చల్లారాక ఏమవుతుందని ఒక్కసారైనా అడగలేదు.

ఆ రోజు నుంచి ఏమీ వెయ్యలేదు. వీధిలో బకెట్లు గుమ్మాల ముందు నిండి ఉన్నాయి. "తొక్కలు ఎప్పుడు పట్టుకెళతావు వదినా?" అని మూడో ఇంటి కోడలు అడిగితే తలుపు దగ్గరకు వేసుకున్నాను. చువ్వ మాత్రం రోజూ గుచ్చుతూనే ఉన్నాను. రోజుకింత వేడి పోతోంది. చూస్తూ ఉండడం తప్ప చేసేదేముంది? నిన్న చువ్వ వెచ్చగా ఉందో, నా మణికట్టే వెచ్చగా ఉందో తేల్చుకోలేకపోయాను.

ఈ పొద్దున టీ పెట్టాను. మావారు వంటింటి గుమ్మంలో నిలబడి పెరట్లోకి చూసి, "చువ్వ గుచ్చలేదా?" అన్నారు.

"లేదండీ."

చువ్వ గోడకే ఆనించి ఉంది. గుచ్చి తియ్యడానికి ఎంతసేపు పడుతుంది గనక! టీ వడకట్టి ఆయనకిచ్చి, నా గ్లాసు పట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చున్నాను.